యార్డులో ఎండిన చెరకు

మా మేనల్లుడి కూతురు సాహితి ఈ మధ్యనే భీమవరం వైపు ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో ప్రొడక్షన్ ట్రైనీగా చేరింది. మొదటి సెలవుకి రాజమండ్రి వచ్చినప్పుడు నా పక్కన కూర్చుని, "తాతయ్యా, మీరు ప్రొడక్షన్ మేనేజరుగా చేశారు కదా, అసలు ఆ ఉద్యోగంలో రోజూ చేసేదేంటి?" అని అడిగింది. పుస్తకంలో ఉన్నదైతే ఆమే నాకు చెప్పగలదు. కెపాసిటీ, షెడ్యూలింగ్, ఇన్వెంటరీ, క్వాలిటీ కంట్రోల్ అంటూ గడగడా అప్పజెప్పగలదు. నేను గొంతు సవరించుకునేలోపు ఆవిడ ఫోను మోగింది, లేచి డాబా మీదికి వెళ్ళిపోయింది. ఈ కాలపు పిల్లలు ప్రశ్న అడుగుతారు గానీ జవాబు వినేదాకా ఆగరు. అందుకని రాస్తున్నాను. చదివితే చదువుతుంది, లేకపోతే లేదు.

నేను పనిచేసింది ఒక సహకార చక్కెర ఫ్యాక్టరీలో. దాని పేరూ ఊరి పేరూ రాయను. అది మూతపడి చాలా కాలమైంది. మిల్లు రోలర్లు పాత ఇనుము కింద లారీలెక్కాయి. ఎందుకు మూతపడిందని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో కారణం చెబుతారు. ప్రభుత్వం అంటారు, చక్కెర ధర అంటారు, రాజకీయాలు అంటారు. అవన్నీ నిజమే. కానీ లోపల ఉండి చూసినవాడిగా నేను చెప్పే కారణం వేరు. మేం మా మిల్లుని ఆగకుండా నడుపుకుంటూ దాన్ని చంపేశాం.

మిల్లు చప్పుడు

చెరకు సంగతి తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. చెరకు కొట్టిన గంట నుంచీ ఎండటం మొదలవుతుంది. ఎండితే బరువు తగ్గుతుంది, లోపల తీపీ తగ్గుతుంది. రైతుకి డబ్బిచ్చేది బరువుని బట్టి. ఫ్యాక్టరీకి చక్కెర వచ్చేది తీపిని బట్టి. అందుకని రైతు తన ఇష్టమొచ్చినప్పుడు కొట్టుకు రాకూడదు. ఫలానా రోజు కొట్టి తీసుకురా అని ఫ్యాక్టరీ అతనికి ఒక చీటీ పంపుతుంది. దాన్ని కటింగ్ ఆర్డరు అంటారు. మిల్లు రోజుకి ఎంత ఆడగలదో అంతకే ఆర్డర్లివ్వాలి. మొత్తం విద్య ఇంతే. చిన్నపిల్లకి చెప్పినా అర్థమవుతుంది.

మా చీఫ్ ఇంజనీరు వర్మగారు నా మొదటి బాసు. గొప్ప పనివాడు. సీజన్లో మిల్లు చెడిపోయిందంటే అది వేసవిలో మనం చేసిన తప్పు అనేవారు. వేసవి ఓవర్‌హాలింగ్‌లో ఒక్క బేరింగుని కూడా "ఈ ఏటికి సరిపోతుందిలే" అని వదిలేవారు కాదు. మెయింటెనెన్స్ గురించి నాకు తెలిసిందంతా ఆయన దగ్గర తిట్లు తిని నేర్చుకున్నదే. కానీ ఆయనకి ఒక జబ్బుండేది. మిల్లు చప్పుడు ఆగితే ఆయనకి గుండె ఆగినంత పనయ్యేది. కాఫీ తాగుతూ మధ్యలో గ్లాసు పెట్టేసి పరుగెత్తేవారు.

"ఏవయ్యా మూర్తీ, మిల్లు తిరుగుతుంటే ఊరంతా మనల్ని మనుషులుగా చూస్తుంది. ఆగిందంటే చైర్మన్ నుంచి కిళ్ళీ కొట్టువాడి దాకా అడిగేవాడే" అనేవారు.

ఆ మాట నిజం. చిమ్నీలోంచి పొగ రాకపోతే చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కనిపించేది. రోజువారీ రిపోర్టులో "నో కేన్" అని ఒక గడి ఉండేది. చెరకు లేక మిల్లు ఎంతసేపు ఆగిందో అందులో రాయాలి. ఆ గడిలో సున్నా తప్ప ఏది కనబడినా హెడ్డాఫీసు నుంచి ఫోనొచ్చేది. చెరకు యార్డులో ఎంతసేపు ఎండిందో రాయడానికి మాత్రం గడి లేదు.

కటింగ్ ఆర్డర్లిచ్చేది కేన్ ఆఫీసరు రామారావుగారు. మెత్తని మనిషి, భయస్థుడు. "నో కేన్" వస్తే తిట్లన్నీ ఆయనకే. యార్డులో బళ్ళు పేరుకుపోతే ఆయన్ని ఎవరూ ఏమీ అనరు. మీరే ఆయన స్థానంలో ఉంటే ఏం చేస్తారు? మిల్లు ఆడగలిగినదానికి ఇంకా సగం కలిపి ఆర్డర్లిచ్చేవారు. దానిమీద చెరకు కొట్టే ముఠాలు రావేమో, ట్రాక్టర్లు చెడిపోతాయేమో, మబ్బు పడుతుందేమో అని మరి కొంచెం కలిపేవారు. యార్డు నిండి, బళ్ళ వరస గేటు దాటి, కాలవ గట్టు దాకా పోయేది. అది చూసి వర్మగారు, "ఇప్పుడు నాకు నిద్ర పడుతుంది" అనేవారు.

గంగరాజు గారి ప్రశ్న

వర్మగారు రిటైరయ్యాక నేను ప్రొడక్షన్ మేనేజరునయ్యాను. అప్పుడే గంగరాజు గారితో నాకు పరిచయం. కాలవ దిగువన ఒక ఊళ్ళో చెరకు రైతు. వాళ్ళ నాన్న మా ఫ్యాక్టరీకి మొదటి వాటాదార్లలో ఒకరు. ఆ ఊరి పొలాల మధ్యలో ఆయన భూమి చెక్క పెద్దది. ఆయన ఏం వేస్తే అటూ ఇటూ ఉన్న చిన్న రైతులూ అదే వేసేవారు.

ఒక రోజు మధ్యాహ్నం యార్డులో నడుస్తుంటే ఆయన తన బండి చక్రానికి చేరగిలబడి కూర్చుని కనిపించారు. ముందురోజు నుంచీ అక్కడే ఉన్నారట. ఎద్దులు నీరసంగా తల వాల్చేశాయి. నన్ను చూసి లేచారు. కోపంగా లేరు, అదే నాకు ఇబ్బందనిపించింది.

"మేనేజరు గారండీ, ఒక్క మాట అడుగుతాను, ఏమనుకోకండి. నా అంతట నేనొచ్చానా, మీరు రమ్మంటే వచ్చానా అండి?"

"మేమే రమ్మన్నామండి."

"ఆయ్. మరి రమ్మన్నవాళ్ళు వాకిట్లోనే కూర్చోబెడితే ఎలాగండి? భోజనానికి పిలిచి చేతులు కడుక్కున్నాక రేపు రమ్మన్నట్టుంది."

నేను ఏదో సర్దిచెప్పబోయాను. మిల్లు మొన్న కొంచెం స్లో అయింది, ఇవాళ పుంజుకుంటుంది అన్నాను. ఆయన ఒక చెరకు గడ లాగి, విరిచి నా చేతిలో పెట్టారు. ఫట్‌మని విరగలేదు, నారలా వంగింది.

"ఏడాది పెంచానండి దీన్ని. తడి పెట్టాను, పడిపోకుండా జడ చుట్టాను, నక్కల్ని కాశాను. ఏడాదంతా బాగున్నది మీ గుమ్మంలోకొచ్చాక పాడైందండి" అన్నారు.

ఇక్కడ కొత్తవాళ్ళకి ఒక మాట. పుస్తకం ఇన్వెంటరీ ఖర్చు అంటుంది. ఆ ఖర్చు నీ జేబులోంచి పోతుంటే నువ్వు జాగ్రత్తగానే ఉంటావు. ఎదుటివాడి జేబులోంచి పోతుంటే అది నీకు ఖర్చుగా కనిపించదు, ధైర్యంగా కనిపిస్తుంది. మా యార్డు మొత్తం గంగరాజు లాంటివాళ్ళ జేబు మీద నడిచింది. ఇంకా పెద్ద వెర్రితనం ఏమిటంటే, ఎండిన చెరకు రసం జిగటగా వచ్చేది. రసం కాచే పాన్లలో పాకం తొందరగా గింజ కట్టేది కాదు. లోపల పాకం కదలకపోతే బయట మిల్లు నెమ్మదించాలి. మిల్లు నెమ్మదిస్తే యార్డులో వరస ఇంకా పెరుగుతుంది. అంటే మిల్లు ఆగకూడదని నిలవ పెట్టిన చెరకే మిల్లుని మెల్లగా నడిపిస్తోంది. ఈ సంగతి ఎవరికీ తెలియదా అంటే, అందరికీ తెలుసు. టీ బడ్డీ దగ్గర అందరం మాట్లాడుకునేవాళ్ళం. మీటింగులో మాత్రం ఎవరూ మాట్లాడేవారు కాదు.

ఒకే ఒక్క సీజను

ఆ తరవాతి సీజనుకి కొత్త ఎం.డి. గారు వచ్చారు. చదువుకున్నాయన, మర్యాదస్థుడు. రామారావుగారిని వెంటబెట్టుకుని వెళ్ళి ఆయన ముందు కూర్చున్నాను. ఆర్డర్లు తగ్గిద్దాం, యార్డులో ఒక్క పూటకి సరిపడా చెరకే ఉంచుదాం, రైతు వచ్చిన రోజే ఇంటికెళ్ళాలి అన్నాను. రామారావుగారు నా పక్కన చేతిరుమాలు మెలిపెడుతూ కూర్చున్నారు.

ఎం.డి. గారు అంతా విని, "బాగానే ఉంది మూర్తిగారూ. మరి మిల్లు ఆగితే?" అన్నారు.

"ఎప్పుడైనా ఒక పూట ఆగుతుందండి. ఆగినా నష్టం లేదు. రోజూ పోయే తీపితో పోలిస్తే అది లెక్కలోకి రాదు."

"సరే, చూద్దాం" అన్నారు. ఆ "చూద్దాం"కి నేను పొంగిపోయాను.

ఆ సీజను నా ఉద్యోగంలో మంచి రోజులు. రెండు వారాల్లో యార్డు ఖాళీ అయింది. పొద్దున వచ్చిన బండి సాయంత్రానికి కాటా దాటి వెళ్ళిపోయేది. రసం తేటగా వచ్చింది, పాన్ల దగ్గరి కుర్రాళ్ళు పాటలు పెట్టుకున్నారు. చక్కెర రికవరీ, అంటే అదే చెరకు నుంచి వచ్చే చక్కెర, పెరిగింది. గంగరాజు గారు ఒక రోజు కాటా దగ్గర కనబడి, "ఇదేదో బాగుందండి. వచ్చే ఏడు పక్క చెక్కలో కూడా చెరకే వేద్దామనుకుంటున్నాను" అన్నారు. ఆయన వేస్తే ఆ ఊరంతా వేస్తుంది. ఆ మాటకి నాకు జీతం పెరిగినంత సంతోషమైంది.

ఫాల్గుణంలో కోరుకొండ తీర్థం వచ్చింది, పెద్ద జాతర. చెరకు కొట్టే ముఠాలన్నీ తీర్థానికి పోతాయి. అది తెలియనిదేం కాదు. ఆ ఒక్క రోజుకి సరిపడా చెరకు ముందే తెప్పించి ఉంచాం. పాత పద్ధతిలో అయితే యార్డులో ఎప్పుడూ గుట్టలుండేవి గనక తీర్థం వచ్చిందీ పోయిందీ మాకు తెలిసేది కాదు. ఆ ఏడు ముఠాలు మర్నాడు కూడా పొలంలో దిగలేదు. మేస్త్రీలు బతిమాలినా కదల్లేదు. ఏడాదికొక్కసారి వచ్చే తీర్థం, పైగా పిల్లాపాపలతో వెళ్ళారు, వాళ్ళని తప్పు పట్టడానికేముంది? ఆ మధ్యాహ్నం మిల్లులోకి వెళ్ళే చెరకు పలచబడి, చివరికి అయిపోయింది. మిల్లు ఆగింది. మర్నాడు పొద్దునకి గానీ మళ్ళీ తిరగలేదు.

ఆ ఒక్క పూటకి ఎంత గొడవ జరిగిందో చెబితే నమ్మరు. చైర్మన్ ఫోను, డైరెక్టర్ల ఫోన్లు. "ఫ్యాక్టరీకి తాళం వేస్తున్నారటగా" అని బజార్లో పుకారు. చిమ్నీ వైపు వేలు చూపిస్తూ గేటు దగ్గర జనం. ఎం.డి. గారు నన్ను పిలిపించారు. నేను ఆ సీజనులో పెరిగిన రికవరీ అంతా ఆయన ముందు పెట్టాను. మిల్లు ఆగిన పూట నష్టం తీసేసినా ఎంతో మిగిలిందని చూపించాను. వచ్చే ఏడు తీర్థానికి రెండ్రోజుల చెరకు ఉంచుకుంటే సరిపోతుంది, పద్ధతి మార్చక్కర్లేదన్నాను.

ఆయన కాగితాల వైపు చూశారు గానీ చదవలేదు.

"మీరు చెప్పేది నాకు అర్థమైందండి. మీదే రైటు కూడా. కానీ చూడండి, యార్డులో ఎన్ని బళ్ళు ఎండాయని నన్ను ఎవరూ అడగరు. మిల్లు ఎందుకాగిందని అందరూ అడుగుతారు. నేనిక్కడుండేది రెండేళ్ళో మూడేళ్ళో. ఈ మాట పడలేను."

"రైతులు మానేస్తారండి."

"చెరకు కాక ఇంకేం వేస్తారండి వాళ్ళు?" అన్నారు. ఆ మాట ఆయన పొగరుగా అనలేదు, నిజంగానే అడిగారు. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు. మర్నాటి నుంచీ రామారావుగారు పాత లెక్కనే ఆర్డర్లిచ్చారు. నెల తిరక్కుండానే బళ్ళ వరస మళ్ళీ గేటు దాటింది.

ఆపరేషన్స్‌లోకి వచ్చేవాళ్ళకి నేను చెప్పేది ఏమిటంటే, నీ మీదివాడు చెడ్డవాడైతే నీ పని తేలిక, పోట్లాడొచ్చు. మంచివాడూ తెలివైనవాడూ అయ్యుండి, తనని అడిగేది ఏమిటో దాన్ని మాత్రమే కాపాడుకునేవాడైతే నువ్వు ఏమీ చేయలేవు. పోట్లాడటానికి అక్కడ మనిషి ఉండడు. ఫ్యాక్టరీలో దేన్ని కొలుస్తున్నారో చూడు, దాని వల్ల ఎవరు భయపడుతున్నారో చూడు. మిగతాదంతా దానంతటదే జరిగిపోతుంది.

ఊట

చెరకు కాక ఏం వేస్తారన్న ప్రశ్నకి జవాబు గంగరాజు గారే చెప్పారు. ఆయన చెరువు తవ్వారు.

ఆ వేసవి ఎండల్లో మా ఫీల్డ్‌మన్ పరుగున వచ్చి, "సార్, గంగరాజు గారి పొలంలో పొక్లెయిన్ దిగిందండి" అన్నాడు. నేను స్కూటరు మీద వెళ్ళాను. అప్పటికే సగం గట్టు లేచింది. ఆయన గొడుగు వేసుకుని ఎండలో నిలబడి చూస్తున్నారు. నన్ను చూసి ముఖం పక్కకి తిప్పుకున్నారు.

"తొందర పడుతున్నారేమో" అన్నాను.

"చేపల కొనుగోలుదారు గట్టు మీదికే వచ్చి తూకం వేసుకుంటాడండి. నేనెవరి గుమ్మంలోనూ పడిగాపులు పడక్కర్లేదు."

ఆయనే మళ్ళీ అన్నారు.

"మా నాన్న వాటా కట్టిన ఫ్యాక్టరీ అండి. నాకు మాత్రం సరదానా?"

డెల్టా భూమి సంగతి ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. ఒకడు చెరువు తవ్వి ఏడాది పొడుగునా నీళ్ళు నిలబెడితే పక్క చేనికి ఊట దిగుతుంది. చెరకు మొదలు ఎప్పుడూ చెమ్మలో ఉంటే కుళ్ళిపోతుంది. మరుసటి ఏడు గంగరాజు గారి చుట్టూ ఉన్న చిన్న రైతుల తోటలు పసుపు పచ్చబడి పడిపోయాయి. వాళ్ళకి చెరువు తవ్వాలని కోరిక లేదు, చెరకు మానాలని కూడా లేదు. ఊట దిగాక వాళ్ళకి దారి లేదు. వాళ్ళు తవ్వారు, వాళ్ళ పక్కవాళ్ళకి ఊట దిగింది. మేం ఒక్క రైతుని పోగొట్టుకున్నామనుకున్నాం. ఆ రెవెన్యూ గ్రామం మొత్తం పోయింది. తరవాత దాని పక్క ఊరు.

ఇది ఏ పుస్తకంలోనూ ఉండదు. సప్లయరుతో సత్సంబంధాలు ఉండాలని ఒక లైను రాసి వదిలేస్తారు. మా దగ్గర పోయిన రైతు మళ్ళీ రాడు. మనసు మార్చుకున్నా రాలేడు, ఎందుకంటే పొలం చెరువైపోయింది.

చెరకు తగ్గిన కొద్దీ రామారావుగారికి భయం పెరిగింది. మిగిలినవాళ్ళకే తొందరపడి ఇంకా ఎక్కువ ఆర్డర్లిచ్చారు. మిగిలినవాళ్ళు కూడా యార్డులో ఎండారు, మిగిలినవాళ్ళు కూడా తవ్వారు. ఆ ఎం.డి. గారు బదిలీ అయిపోయారు. ఆయన ఉన్నన్నాళ్ళలో "నో కేన్" గడిలో ఆ ఒక్క పూట తప్ప అన్నీ సున్నాలే. మంచి పేరుతోనే వెళ్ళారు.

సాహితి మొన్న ఫోన్లో మాటల మధ్య ఒక సంగతి చెప్పింది. వాళ్ళ ప్లాంటు గేటు బయట రొయ్యల వ్యాన్లు వరసగా ఆగి ఉంటాయట. ఐస్ కరిగి రోడ్డంతా నీళ్ళట. "మా మేనేజరు గారు లైను ఖాళీగా ఉండకూడదంటారు తాతయ్యా, అందుకని ముందే పిలిపించి పెట్టుకుంటాం" అంది. సంతోషంగానే చెప్పింది. నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఆఖరి సీజను

ఆఖరి సీజను అని అప్పుడు మాకు తెలియదు. తెలియనట్టు ఉన్నాం అనాలి. వర్కర్లు బాయిలరుకి కొబ్బరికాయ కొట్టారు, ఎప్పటిలాగే మిల్లు తిప్పాం. చెరకు పొద్దున కొంచెం వచ్చేది, ఆడేసేవాళ్ళం, మళ్ళీ వచ్చేదాకా ఆపేవాళ్ళం. మిల్లు రోజులో ఆగిన సమయమే ఎక్కువ. ఎవరూ ఫోన్ చేయలేదు. ఎవరూ ఏమీ అడగలేదు.

ఒక పొద్దున గేటులోకి ట్రాక్టరొకటి వచ్చింది. డ్రైవరు పక్కన గంగరాజు గారు కూర్చుని ఉన్నారు. చెరువు కిందికి రాని మిట్ట చెక్క ఒకటి ఆయనకి మిగిలింది. అందులో కొట్టేసిన మొదళ్ళ నుంచి మళ్ళీ లేచిన కార్శి తోట ఉండిపోయింది. అదే తెచ్చారు. ఆయన బాగా పెద్దవారైపోయారు. నేను కూడా అయ్యుంటాను.

బండి నేరుగా కాటా ఎక్కింది. దిగి నేరుగా మిల్లు దగ్గరికి పోయింది. క్రేను అప్పటికే ఖాళీగా ఉంది, ఎత్తి వేసేసింది. కాటా దగ్గర దిగిన ఆయనతో నేను రెండు మాటలు మాట్లాడేలోపు ఖాళీ ట్రాక్టరు తిరిగొచ్చి మా పక్కన ఆగింది. డ్రైవరు, "పదండి బాబాయ్, అయిపోయింది" అన్నాడు.

గంగరాజు గారికి అర్థం కాలేదు. "అప్పుడే ఏమైపోయింది?" అన్నారు.

"చెరకు ఆడేశారండి. చీటీ కూడా ఇచ్చేశారు."

ఆయన యార్డు వైపు చూశారు. ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒక్క బండి లేదు. ఒకప్పుడు బళ్ళు నిలబడ్డ చోట గడ్డి మొలిచింది. ఆయన చేతిలో స్టీలు క్యారేజీ ఉంది, భుజాన దుప్పటి ఉంది. రెండు పూటలకి సరిపడా అన్నం కట్టించుకుని, పడుకోవడానికి దుప్పటి తెచ్చుకున్నారు. చక్కెర ఫ్యాక్టరీకి వెళ్తున్నానంటే వాళ్ళింట్లో అలాగే కట్టిస్తారు.

నా జీవితమంతా నేను కోరుకున్నది సరిగ్గా ఇదే. రైతు రావాలి, వచ్చిన వెంటనే చెరకు ఆడాలి, వెంటనే ఇంటికి పోవాలి. అది నా కళ్ళ ముందు జరిగింది. నాకు దుఃఖం ఆగలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నట్టు అటు తిరిగాను.

ఆయన దుప్పటి ట్రాక్టరు మీద పెట్టి, క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని ఎక్కి కూర్చున్నారు. ఇంజను స్టార్టయ్యాక కిందికి వంగి, ఎవరినీ తప్పు పట్టని గొంతుతో అన్నారు.

"అప్పుడు కూడా ఇలాగే చేసుంటే, నేను తవ్వేవాణ్ణి కాదండి."